లూదియా కుట్టిన పసుపంగీలు

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో ఒక దర్జీ కొట్టు ఉంది. దాని బోర్డు మీద ఒక పక్క రైక బొమ్మ, ఇంకో పక్క బంతి బొమ్మ. మధ్యలో ‘లూదియా. రైకలు, లంగాలు, ఫుట్‌బాల్ అంగీలు కుట్టబడును’ అని రాసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు రైకకూ బంతికీ ఏం సంబంధమా అని ఒక నిమిషం నిలబడి చూసి పోతారు. లోపలికి వచ్చి అడిగినవాళ్లకు మాత్రం లూదియా మిషను ఆపకుండానే చెబుతుంది. చెప్పేటప్పుడు బయట స్టూలు మీద కూర్చున్న మొగుడి వైపు ఒక చూపు విసురుతుంది. ఆయన తల దించుకుని నవ్వుకుంటాడు.

లూదియా పుట్టింది నంద్యాలలో. తల్లి మరియమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుట్టి ఇల్లు నడిపింది. మిషను కింద రాలిన గుడ్డముక్కలే లూదియాకు ఆటబొమ్మలు. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే కంటికి ఇంపుగా ఉంటుందో, ఏది పెడితే రెండూ చచ్చిపోతాయో ఆ నేల మీద కూర్చునే తెలుసుకుంది. పెద్దయ్యాక ఆళ్లగడ్డ బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే దేవదానంతో పెండ్లయింది. పెండ్లిచూపులకు ఆయన మధ్యాహ్నం వస్తానని చెప్పి సాయంత్రానికి వచ్చాడు, అదీ మోకాలికి కట్టు కట్టుకుని. దారిలో మైదానం కనబడిందట. ఒక మనిషి తక్కువైతే దిగాడట. “ఈయనకు బంతి ముందు, పెండ్లాం తర్వాత” అని మరియమ్మ కూతురిని అప్పుడే హెచ్చరించింది. “అబద్ధమైతే ఆడలేదు కదమ్మా” అంది లూదియా.

దేవదానానికి ఒక జట్టుండేది. జట్టంటే, డిపోలో పనిచేసే కుర్రవాళ్లు కొందరు, బజారు వాళ్లు కొందరు, రుద్రవరం పక్కన అడవంచు గూడెం నుంచి వచ్చే ఇద్దరు చెంచులు. ఆ ఇద్దరిలో ఒకడు సోమన్న. ఇంకొకడు అతని బావమరిది గణేశ్. ఇద్దరూ ఎండాకాలం అడవిలో మంటలు ఆర్పే పనికి పోతారు, తేనె కాలం వస్తే కొండలెక్కుతారు, మిగతా రోజుల్లో చేను పని. సోమన్న ఒట్టికాళ్లతో పరిగెత్తితే బూట్లవాళ్లు వెనకబడేవాళ్లు. తెల్లవారగానే డిపో పక్క ఖాళీ స్థలంలో దేవదానం విజిలు వినబడితే, ఆ సందులో ఆడవాళ్లు పొయ్యి ముట్టించే వేళయిందని లేచేవాళ్లు.

తొంభై ఏడులో ఆ విజిలు ఆగిపోయింది.

ఆ ఏడు నంద్యాలలో షీల్డు పోటీలకు జట్టు పోయింది. ఎవరి బనీను వాళ్లది. ఒకటి తెలుపు, ఒకటి నీలం, ఒకటి ఏ రంగో దేవుడికే తెలియాలి. వీపున అంకెలు ఉండాలంటే బొగ్గుతో రాసుకున్నారు. ఆట మొదలు కాకముందే చెమటకు ఏడు ఒకటయింది, ఎనిమిది మసయింది. రెఫరీ మర్యాదగానే చెప్పాడు, ఒకే రంగు అంగీలు లేని జట్టును మైదానంలోకి రానివ్వనని. జనంలోంచి ఎవరో “పొగగూట్లో పొండుకోని లేచొచ్చినారప్పా” అన్నారు. వచ్చిన బస్సులోనే తిరిగి వచ్చేశారు. దేవదానం ఆ సాయంత్రం విజిలును పాత నట్లూ బోల్టులూ వేసే డబ్బాలో పడేసి మూత పెట్టాడు. ఆ తర్వాత డిపోకు పోవడం, రావడం, అన్నం తినడం. ఆ ఇంట్లో రేడియో పలికినంతైనా ఆయన పలకలేదు.

మరుసటి ఏడు ప్రపంచ కప్పు వచ్చింది. డిపో టీవీ ముందు జట్టంతా మళ్లీ ఒకచోట చేరింది. అందరికీ బ్రెజిలోళ్ల పసుపు అంగీల మీదే కన్ను. వాళ్లు కప్పు పోగొట్టుకున్నా వీళ్లు ఆ రంగును వదల్లేదు. ఒకరోజు సోమన్న, గణేశ్ నేరుగా లూదియా దగ్గరికి వచ్చారు.

“అక్కా, ఈసారి ఒకే రంగు అంగీలుంటే పోతాం. ఇంగొక్కసారి ఆ గేటు కాణ్నుంచి వెనక్కి పంపిస్తే మాత్రం మేం గూడెం దిగి రాం. అన్నకు నువ్వే చెప్పాల,” అన్నాడు సోమన్న.

“నేను కుట్టేవి రైకలప్పా.”

“రైకలకూ చేతులుంటాయి కదక్కా,” అన్నాడు గణేశ్.

లూదియా నవ్వింది. ఆ రాత్రి డబ్బాలోంచి విజిలు తీసి, జిడ్డు తుడిచి, చూసి, మళ్లీ అందులోనే పెట్టింది. అంగీలు కుడతానని ఆమె మాటిచ్చింది సోమన్నకే అయినా, మనసులో అనుకున్నది మాత్రం ఈ మూత తెరిపించాలని.

కుట్టడానికి చేతులున్నాయి. గుడ్డ కావాలి. అది ఎవరైనా ఇవ్వాలి. ఆళ్లగడ్డ బజారులో వెంకటేశ్వర్లు శెట్టి పసుపు, కుంకుమ ప్యాకెట్లు కట్టి చుట్టుపక్కల ఊళ్లకు అమ్ముతాడు. ఆయన భార్య రాజేశ్వరమ్మ రైకలన్నీ లూదియానే కుడుతుంది. పసుపు ప్యాకెట్టుకు పెట్టిన పేరు కూడా ఆమెదే, రాజేశ్వరి పసుపు కుంకుమ. కొలతలు ఇవ్వడానికి వచ్చినప్పుడు లూదియా మాట కదిపింది. రాజేశ్వరమ్మ కాసేపు ఆలోచించింది.

“మా ఆయన ఏటా క్యాలెండర్లు అచ్చేసి పంచుతాడు. అవి గోడకు కొట్టిన మేకు కాడ్నే ఉంటాయి. మీవి పరిగెత్తుతాయి కదా. రా, నేనూ వస్తా,” అంది.

శెట్టి గల్లాపెట్టె దగ్గర కూర్చుని అంతా విన్నాడు. భార్య ఎదురుగా ఉంది కాబట్టి కాదనలేదు. వ్యాపారి కాబట్టి వెంటనే అవునని కూడా అనలేదు.

“బనీను గుడ్డ ఒక తాను ఇప్పిస్తా లూదియమ్మా. కానీ పేరు రొమ్ము మీద రావాల. యాడనో మూలన కాదు. గ్యాలరీలో ఆఖరోడు కూడా చదవాల. రాజేశ్వరి పసుపు కుంకుమ.”

ఈ సంగతి జట్టుకు చెప్పగానే ఖాళీ స్థలమంతా ఘొల్లుమంది.

“పసుపు కుంకుమ అని రాసుకోని పోతే నంద్యాలోళ్లు మనల్ని ఆటకు పిలుస్తారా, పేరంటానికి పిలుస్తారా?” అన్నాడు ఒకడు.

“రైకగుడ్డ, రెండు అరిటిపండ్లు ఒళ్లో పెట్టి పంపిస్తారు. ఊరికే పంపీరులే,” అన్నాడు గణేశ్.

సోమన్న నవ్వలేదు. “పోయినేడు బొగ్గు. ఈ ఏడు పేరంటం. నగుబాటు మటుకు తప్పేట్టు లేదు,” అన్నాడు.

లూదియా రెండు రోజులు ఆ మాటే నానబెట్టుకుంది. శెట్టి పేరు లేకుండా గుడ్డ రాదు. పేరుంటే వీళ్లు వేసుకోరు. మూడోనాడు శెట్టి కొట్లో పసుపు ప్యాకెట్టు కొనడానికి వచ్చిన ఒక ముసలమ్మను చూసింది. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. అయినా వరసగా వేలాడుతున్న ప్యాకెట్లలోంచి రాజేశ్వరి ప్యాకెట్టునే వేలు పెట్టి చూపించింది. లూదియా అక్కడే శెట్టిని అడిగింది.

“ఆయమ్మకు చదువు రాదు కదా శెట్టిగారూ. మీ ప్యాకెట్టని ఎట్ల గుర్తుపట్టె?”

“పసుపు కాయితం, నడుమ ఎర్రబొట్టు. ఇరవై ఏండ్ల నుంచి అదే కదా.”

“అదే అంగీ,” అంది లూదియా. “అంగీ అంతా పసుపు. రొమ్ము మీద ఎర్రబొట్టు. ఇంగ రాత ఎందుకు? అట్ల పరిగెత్తుకోని వస్తాంటే మీ ప్యాకెట్టే లేచొస్తాన్నెట్టు ఉండదా? పేరు వీపున, అంకె కింద, చిన్నగా కుడతా.”

శెట్టి ముసలమ్మ చేతిలోని ప్యాకెట్టును ఒకసారి, లూదియాను ఒకసారి చూశాడు. “సరే. కానీ రంగు నా పసుపుతోనే ఎయ్యాల. బజారు రంగు పూసి నా ప్యాకెట్టని చెప్తే నా పసుపుకు మర్యాద యాడుంటాది?”

పసుపు రంగు అనగానే జట్టుకు బ్రెజిలే కళ్లముందు కనబడింది. ఇక ఒక్కటే మిగిలింది. శెట్టి గుర్తు ఉంది, మరి జట్టు గుర్తేది? బజారు కుర్రవాళ్లు పులి కావాలన్నారు. నల్లమల పక్కన ఉండి పులి లేకుంటే ఎట్లా అని వాళ్ల వాదన. సోమన్న ఒప్పుకోలేదు.

“మీరు బొమ్మలో చూసినోళ్లు కాబట్టి మీకు సరదా. దాన్ని రొమ్ము మీద ఎక్కిచ్చుకోని అడివిలో నేను తిరగలేనప్పా.”

“మరి ఏం పెట్టమంటావ్?” అంది లూదియా.

సోమన్న బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. “కొండ అంచున తేనెపట్టు ఉంటాది కదక్కా. నేను తాడు కట్టుకోని కిందికి దిగుతా. పైన ఆ తాడు పట్టుకునేది వీడు. మాలో బావమరిదే పట్టుకోవాల. చెల్లెలి మొగుడో అక్క మొగుడో కిందుంటే ఎవుడు వదుల్తాడు? ఆ తాడు పెట్టు.”

“ఒక్కోసారి వదలాలనిపిస్తాది లేక్కా, తేనె తక్కువ పంచినప్పుడు,” అన్నాడు గణేశ్.

ఎర్రబొట్టు చుట్టూ నల్లదారంతో గొలుసుకుట్టు వేసి తాడు చుట్టింది లూదియా. బొట్టు గుండ్రంగా రావడానికి ఎర్ర మిల్లుగుడ్డ మీద ఇంట్లో సత్తు గ్లాసు బోర్లించి గీత గీసింది. అంకెలు శెట్టి క్యాలెండరు చూసి కత్తిరించింది. గోలు కాసే గోలీకి వేరే రంగు ఉండాలి కాబట్టి దేవదానం పాత ఖాకీ చొక్కాకే బొట్టూ తాడూ కుట్టింది. పెరట్లో డేగిసా పెట్టి, పటిక వేసి, పసుపు కాచి, అంగీలు ముంచి ఆరేసింది. ఆ వారమంతా ఆమె చేతులు పెండ్లికూతురి చేతుల్లా ఉన్నాయి. మరియమ్మ నంద్యాల నుంచి వచ్చి దండెం మీద వరసగా ఆడుతున్న అంగీలను చూసి, “ఏమ్మే, చామంతి తోటేసినావా?” అంది.

దేవదానం అన్నం తిన్నాక దండెం దగ్గరికి పోయి ఒక అంగీ కొస పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. లూదియా వంటింట్లోంచి అది చూసింది.

పోటీకి ముందురోజు ఉదయం జట్టు కొత్త అంగీలు వేసుకుని ఒకసారి ఆడింది. మంచు తడికి నేలంతా బురద. అంగీల మీద చారలు పడ్డాయి. లూదియా రాజేశ్వరమ్మ ఇంటికి రైకలు ఇవ్వడానికి పోయిన సమయంలో, దేవదానానికి చాలా నెలల తర్వాత ఒక ఉత్సాహం వచ్చింది. పెండ్లాం ఇంత కష్టపడింది, ఈ ఉతుకుడైనా నేను చేస్తాననుకున్నాడు. మంచి పనే. కాకపోతే ఆయనకు తెలిసిన ఉతుకుడు డిపో ఉతుకుడు. గ్రీజు పట్టిన బట్టల్ని అక్కడ సోడా కలిపిన వేడినీళ్ల డ్రమ్ములో వేసి కర్రతో కలుపుతారు. అంగీలన్నీ మూట కట్టుకుని పోయి అందులో వేశాడు.

లూదియా తిరిగి వచ్చేసరికి ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. దండెం మీద ఒక్క అంగీ కూడా పసుపుగా లేదు. ఒకదాని చెయ్యి ఎర్రగా, ఇంకొకదాని వీపు సగం ఎర్రగా, ఒకటి మచ్చలు మచ్చలుగా ఇటుకరంగు తిరిగి, చూడబోతే అన్నీ కలిసి తట్టు పోసిన ఒళ్లులా ఉన్నాయి.

“శుభ్రంగా పోతాదని సోడా ఏసినామ్మే,” అన్నాడు దేవదానం.

లూదియాకు అరవాలనిపించింది. ఆయన మొహం చూశాక మానుకుంది. ఒకే రంగు అంగీలు లేకుంటే గేటు దగ్గరే ఆపుతారు. సోమన్న మళ్లీ దిగి రాడు. ఈయన ఇక ఆ డబ్బా మూత తెరవడు. ఆమె గడపలో ఆయన పక్కనే కూలబడింది.

సంగతి తెలిసి రాజేశ్వరమ్మ పరుగున వచ్చింది. దండెం వైపు చూసి, ముక్కున వేలేసుకుని, తర్వాత ఆ వేలు తీసింది. “మీ ఆయన కొత్తగా చేసిందేముందీ? మేము పెండ్లిండ్లలో ఎర్రనీళ్లు ఎట్ల చేస్తాం? పసుపునీళ్లలో సున్నమేస్తాం. సోడా అయినా సున్నమైనా అదే కథ.”

లూదియా లేచి నిలబడింది. పసుపు మళ్లీ ఎక్కించడానికి ఎండ చాలదు. సగం ఎరుపైన దాన్ని పూర్తి ఎరుపు చెయ్యడానికి చాలు. “ఒకే రంగు ఉండాలన్నారు గానీ పసుపే ఉండాలని ఎవురూ అనలేదు కదక్కా. సున్నం ఉందా?”

“తమలపాకుల పెట్టె లేని ఇల్లు యాడుంటాది?”

వీధిలో ఉన్న సున్నం కాయలన్నీ ఆ పెరట్లో ఖాళీ అయ్యాయి. పొద్దుగూకేసరికి అంగీలన్నీ ఒక్క తీరున ఎర్రగా ఆరుతున్నాయి. అందం సంగతి పక్కనబెడితే, ఒకే రంగు. శెట్టి మాత్రం చూడటానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నా పసుపేది? నా బొట్టేది?”

బొట్టు ఎరుపులో ఎరుపు కలిసిపోయింది. నల్ల తాడు ఒక్కటే గుండ్రంగా మిగిలింది.

“వీపున పేరుంది శెట్టిగారూ,” అంది లూదియా.

“నేను దుడ్లు పెట్టింది వీపుకా?” అని శెట్టి గొణిగాడు. రాజేశ్వరమ్మ చూసిన చూపుకు ఆ గొణుగుడు అక్కడితో ఆగింది.

మరునాడు బస్సెక్కేముందు లూదియా మొగుడి చేతికి ఒక సంచి ఇచ్చింది. ఆట నడుమ విరామంలో చప్పరించడానికి నిమ్మకాయలు. “నువ్వు ఈ నిమ్మకాయలు తప్ప ఇంకేదీ ముట్టుకోగాకు,” అంది. దేవదానం ఆ సంచిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని నంద్యాల దాకా వచ్చాడు. లూదియా, శెట్టి, రాజేశ్వరమ్మ కూడా అదే బస్సులో వచ్చారు.

మైదానంలో ఇంకో రెండు జట్ల ఆట నడుస్తోంది. అది అయిపోగానే వీళ్ల ఆట. గేటు దగ్గర ఈసారి ఎవరూ ఆపలేదు. సోమన్న లోపలికి అడుగు పెట్టి, వెనక్కి తిరిగి గేటును ఒకసారి చూసుకున్నాడు. అంతలోనే ఎదుటి జట్టు వచ్చింది. రైల్వే గేటు పక్క వీధుల కుర్రవాళ్లు. అందరూ నిగనిగలాడే అంగీల్లో ఉన్నారు. ఎర్ర అంగీల్లో.

రెఫరీ పోయినేటి మనిషే. రెండు జట్లనూ పిలిచాడు. ఇద్దరిదీ ఒకే రంగైతే ఆట నడవదు, ఎవరో ఒకరు మార్చాలి అన్నాడు. నాణెం ఎగరేశాడు. అది ఆళ్లగడ్డ మాట వినలేదు.

“ఈ ఆట అయిపోయేలోగా వేరే రంగులో రండి. లేకుంటే వాళ్లే గెలిచినట్టు రాసుకోవాల్సి వస్తుంది. నాకూ బాధే,” అన్నాడు.

“రెండో జత లేదు సార్,” అన్నాడు దేవదానం. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం సరిగ్గా పోయినేటి మొహమే అయింది.

ఎదుటి జట్టులో ఒకడు సోమన్న రొమ్ము మీది తాడు వైపు చూపించాడు. “పలుపు బొమ్మేందప్పా? ఎద్దుల సంతకు పోబోయి ఈడికొచ్చినారా?”

గణేశ్ ముందుకు కదిలాడు. సోమన్న చెయ్యి అడ్డం పెట్టి, “ఉండు. మన ఆట యాడుంది ఇంగ,” అని వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నోరు ఎండిపోయి సోమన్న సంచిలోంచి ఒక నిమ్మకాయ తీసి, కొరికి, పులుపుకు కళ్లు మూసుకుని, చెయ్యి అంగీకి తుడుచుకున్నాడు.

లూదియా అతని ఎదురుగా కూర్చుని ఉంది. ఎర్ర అంగీ మీద నాలుగు వేళ్ల గుర్తులు, గోడకు పసుపు చెయ్యి కొట్టినట్టు, పసుపచ్చగా తేలడం చూసింది. మొదట తన కళ్లే అనుకుంది. తర్వాత అతని చేతిలోని నిమ్మచెక్క లాక్కుని అదే అంగీ అంచు మీద పిండింది. చుక్క పడ్డచోటల్లా పసుపు విచ్చుకుంది.

“ఇప్పు,” అంది.

“ఏందక్కా?”

“అంగీ ఇప్పప్పా. అందురూ ఇప్పండి. బేగా. ఏమప్పా, నీ సంచిలో నిమ్మకాయలన్నీ కోయి. శెట్టిగారూ, సోడా బండి కాడ ఎన్ని కాయలుంటే అన్నీ పట్టుకోని రండి. బొక్కెన కూడా.”

శెట్టి జీవితంలో ఎవరి పనికీ పరిగెత్తి ఎరగడు. ఆరోజు పంచె పైకి కట్టి పరిగెత్తాడు. జట్టంతా గట్టు మీద ఒట్టి ఒంటితో వరసగా కూర్చుని నిమ్మకాయలు పిండసాగింది. గోలీ ఒక్కడే ఖాకీ చొక్కాలో దర్జాగా నిలబడి గింజలు ఏరుతున్నాడు. జనం ఆడుతున్న ఆటను వదిలి ఇటు చూడటం మొదలుపెట్టారు.

“ఏం చేస్తాండారప్పా, పులిహోర కలుపుతాండారా?” అని అరిచాడు ఇందాకటివాడు.

“కలుపుతాండాం. ఆకేసుకోని కూచో, వడ్డిస్తాం,” అన్నాడు దేవదానం.

లూదియా చెయ్యి ఆగింది. మొగుడు ఎదురుమాట అనడం విని ఏడాది దాటింది.

మొదటి అంగీని బొక్కెనలో ముంచి తీసింది. ఎరుపు నీళ్లలో కరిగినట్టు పోయి, పసుపు పైకి లేచింది. దానితోపాటే రొమ్ము మీద ఎర్రబొట్టు, దాని చుట్టూ నల్ల తాడు. బొట్టుది మిల్లులో రంగేసిన గుడ్డ కాబట్టి దానికి సున్నం లేదు, నిమ్మకాయా లేదు. రాజేశ్వరమ్మ పిండుతూ, లూదియా ముంచుతూ, గణేశ్ దులుపుతూ ఒకటొకటే బయటికి తీశారు. కుట్ల వెంబడి, మెడపట్టీ మడతల్లో సున్నం మందంగా నిలిచిందేమో, అక్కడ మాత్రం ఎరుపు పోలేదు. లూదియా ఒక మెడపట్టీని గోటితో గీకి చూసి, తర్వాత చేతిదూరంలో పట్టుకుని చూసి, గీకడం మానేసింది. పసుపు అంగీకి సన్నని ఎర్ర అంచు. తాను కావాలని కుట్టినా అంత బాగా వచ్చేది కాదు.

అప్పటికి నడుస్తున్న ఆట ముగిసింది. రెఫరీ వచ్చి తడి అంగీల వరస ముందు నిలబడ్డాడు. ఒక కొస పట్టుకుని వాసన చూశాడు.

“ఇందాకటివేనా ఇవి?”

“ఇందాకటివే సార్. బట్ట అదే, రంగు ఇది,” అన్నాడు దేవదానం.

“మళ్లీ ఆట నడుమ మారవు కదా?”

“వాళ్లు సున్నం తీసుకోని వెంటపడితే తప్ప మారవు సార్,” అంది లూదియా.

రెఫరీ మొహం తిప్పుకున్నాడు, నవ్వు కనబడకుండా. వేలితో మైదానం చూపించాడు. “పోండి.”

సోమన్న తడి అంగీ తలలోంచి వేసుకున్నాడు. డిసెంబరు గాలికి ఒళ్లు జలదరించింది. గీత దాటేముందు గణేశ్ అతని వీపు మీద చరిచి, “దిగు బావా. తాడు నేను పట్టుకునే ఉండా,” అన్నాడు. జట్టు గీత దాటి లోపలికి పోయింది. జనంలో పోయినేటి మాటలు గుర్తున్నవాళ్లు ఉన్నారో లేరో గానీ, ఆ తడి పసుపు మీద ఎండ పడగానే ఒక ఈల, దాని వెనక చాలా ఈలలు వచ్చాయి.

గెలిచారా అంటే, లేదు. సోమన్న ఒక గోలు కొట్టాడు, వాళ్లు రెండు కొట్టారు. వాళ్లు బాగా ఆడేవాళ్లే. ఆట అయ్యాక ఇందాక పలుపు అన్నవాడే వచ్చి సోమన్న అంగీ మెడ దగ్గర పట్టుకుని, “ఈ అంచు యాడ కుట్టించినారన్నా?” అని అడిగాడు.

శెట్టిని మాత్రం ఆ సాయంత్రం పట్టడానికి వీలు కాలేదు. గ్యాలరీలో ఎవరెవరినో ఆపి చెబుతున్నాడు. “సున్నానికి ఎర్రబడె, నిమ్మకాయకు పసుపాయె. కలితీ సరుకైతే అట్ల తిరుగుతాదా? మీ కండ్లతోనే చూసినారు కదా.” పేరు రొమ్ము మీద లేదన్న దిగులు ఆయనకు ఆ పూటతో తీరిపోయింది.

తిరుగు బస్సులో అందరి ఒంటి నుంచీ పసుపు, నిమ్మకాయ, చెమట కలిసిన వాసన. కండక్టరు టికెట్టు కొడుతూ, “ఏ ఇంట్లోనప్పా సంతర్పణ?” అన్నాడు. సోమన్న రుద్రవరం మలుపు వచ్చేలోగా లేచి లూదియా సీటు దగ్గరికి వచ్చాడు. అంగీ విప్పి మడత పెట్టి ఇవ్వబోయాడు.

“నాకెందుకప్పా?”

“వచ్చే ఏటికి దాచిపెట్టక్కా. గూడెంలో ఉంటే నేను రోజూ ఏసుకుంటా, చినిగిపోతాది.”

వచ్చే ఏడు అన్నాడు. లూదియా ఆ మాట వినీ విననట్టు అంగీ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. పక్క సీట్లో దేవదానం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు గానీ, ఆయనా విన్నాడు.

తర్వాత సంవత్సరాల్లో ఆ బోర్డు మీదికి బంతి బొమ్మ వచ్చింది. రైల్వే గేటు జట్టు అంగీలు కుట్టించుకుంది. సంజామల నుంచి, ప్యాపిలి నుంచి కూడా వచ్చారు. ఒకరికి విత్తనాల కొట్టు, ఒకరికి ఎరువుల కొట్టు గుడ్డ ఇప్పించేది. అందరూ మొదట పేరు రొమ్ము మీద పెద్దగా రావాలనే అనేవాళ్లు. “మీ సంచిని చదువు రానోళ్లు ఎట్ల గుర్తుపడతారు?” అని లూదియా అడిగేది. ఆ ప్రశ్నతోనే సగం బొమ్మ తయారయ్యేది. మిగతా సగం కోసం ఆటగాళ్లను కూర్చోబెట్టి వాళ్ల పని గురించి అడిగేది. ఎవరు ఏం చేసి బతుకుతారు, ఏది పట్టుకుంటే వదలరు అని. రెండువేల అయిదు, ఆరు నాటికి నంద్యాలలో కంప్యూటరుతో బొమ్మలు అచ్చువేసిన జారుడు గుడ్డ అంగీలు దిగాయి. కుట్టించేవాళ్లు తగ్గారు. బొమ్మ గీయించుకోవడానికి మాత్రం ఇంకా ఆ సందుకే వస్తారు. గీసిన కాగితం పట్టుకుని పోయి అక్కడ అచ్చు వేయించుకుంటారు. ఆళ్లగడ్డ జట్టు అంగీ ఇప్పుడు మిల్లు రంగుదే. సోడాకు, సున్నానికి, దేనికీ మారదు. అంచు మాత్రం ఎరుపే, తాడూ అదే.

ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ పోటీ నుంచి వచ్చిన మరునాడు లూదియా అలసటకు ఎండెక్కేదాకా పడుకుందామనుకుంది. తెల్లవారుతుండగా వంటింట్లో ఇనుము మీద ఇనుము రాలిన చప్పుడైంది. నట్లూ బోల్టులూ నేలమీద దొర్లాయి. “ఏం పడేసినావ్?” అని కేకేసింది. వీధి తలుపు తీసిన చప్పుడు, చెప్పుల చప్పుడు, తర్వాత కాసేపు ఏమీ లేదు. అప్పుడు డిపో పక్క ఖాళీ స్థలం నుంచి విజిలు వినబడింది. మొదటి ఊదుడు సరిగ్గా రాలేదు, తుప్పు గొంతులో పలికింది. రెండోది నిలువుగా వచ్చింది.

ఎదురింట్లో ఎవరో పొయ్యి ముట్టిస్తూ, “లేచినాడమ్మా దేవన్న,” అన్నారు.

లూదియా కాసేపు అట్లాగే పడుకుని విన్నది. తర్వాత లేచి, నేల మీద దొర్లిన నట్లన్నీ ఏరి డబ్బాలో వేసింది. సోడా పొట్లాం ఎక్కడుందో వెతికి పట్టుకుని, మొగుడికి అందనంత ఎత్తున అటక మీదికి తోసింది.